ఆయిల్ కూలర్ కొనేముందు ఆయిల్ వేడి కొలువు తమ్ముడూ

తమ్ముడూ, నువ్వు అడిగింది ఇదీ. ఊరు చిత్తూరు. 2014 నాటి 1.3 లీటర్ల మల్టీజెట్ డీజిల్ కారు, లక్షా నలభై వేల కిలోమీటర్లు తిరిగింది. నెలకు మూడు నాలుగు సార్లు ఇంటిల్లిపాదినీ ఎక్కించుకుని తిరుమలకు పోతావు, పని మీద బెంగళూరుకూ పోయి వస్తుంటావు. ఈ ఎండాకాలం ఏసీ వేసుకుని ఘాట్ ఎక్కుతుంటే ఫోన్‌లో కూలెంట్ 104, 105 చూపిస్తోంది. పైకి చేరాక డిప్‌స్టిక్ తీసి చూస్తే ఆయిల్ నీళ్ళలా జారిపోతోంది. చెన్నైలో ఒక షాపువాళ్ళు ఆయిల్ కూలర్ కిట్టు బిగిస్తే అంతా సర్దుకుంటుందని 22 వేలు చెప్పారు. వేయించాలా వద్దా అన్నావు. పైకి చేరగానే ఇంజన్ ఆపొచ్చా అని చివర్లో ఇంకో మాట కూడా అడిగావు.

ఇప్పుడే వద్దు. ఆ 22 వేలు జేబులోనే ఉండనీ. నువ్వు చెప్పినదాంట్లో కొలిచిన అంకె ఒక్కటే ఉంది, అది నీళ్ళ వేడి, అంటే కూలెంట్ వేడి. ఆయిల్ ఎంత వేడెక్కుతోందో నువ్వూ చూడలేదు, షాపువాళ్ళూ చూడలేదు. జ్వరం చూడకుండా మాత్ర రాసినట్టుంది వ్యవహారం. తిరుపతిలో షెడ్డు పెట్టి 27 ఏళ్ళయింది నాకు. ఆయిల్ కూలర్లు నా చేతులతో బిగించినవీ ఉన్నాయి, వేరేచోట బిగించి తెస్తే పీకేసినవీ ఉన్నాయి. పీకేసినవే ఎక్కువ.

మొదట నీకు ఎవరూ చెప్పని సంగతి. నీ ఇంజన్‌కు ఆయిల్ కూలర్ కంపెనీ నుంచే ఉంది. బానెట్ ఎత్తి ఆయిల్ ఫిల్టర్ హౌసింగ్ చూడు. దానికి అతుక్కుని అల్యూమినియం రేకులు పేర్చినట్టు చిన్న దిమ్మ ఒకటి కనిపిస్తుంది. అందులో ఒక పొరలో ఆయిల్, పక్క పొరలో కూలెంట్ పారుతుంటాయి. రెండూ కలవవు, వేడి మాత్రం ఇచ్చిపుచ్చుకుంటాయి. టర్బో డీజిళ్ళలో చాలావాటికి ఈ ఏర్పాటు ఉంటుంది. పొద్దున్నే స్టార్ట్ చేసినప్పుడు కూలెంట్ ముందుగా వేడెక్కుతుంది, ఆయిల్ ఆలస్యంగా. అప్పుడు ఈ దిమ్మ నీళ్ళ వేడిని ఆయిల్‌కు ఇస్తుంది. ఘాట్ ఎక్కేటప్పుడు ఆయిల్ మీదికొస్తే అదే దిమ్మ ఆ వేడిని నీళ్ళకు ఇచ్చేస్తుంది, నీళ్ళు రేడియేటర్‌లో వదిలేస్తాయి.

అంటే నీ కారులో ఆయిల్ వేడి నీళ్ళ వేడికి ముడిపడి ఉంది. నీళ్ళు 90 దగ్గర నిలకడగా ఉంటే ఆయిల్ దానికి పది, పదిహేను డిగ్రీలు పైన తిరుగుతుంటుంది. నీళ్ళు 105కు పోతే ఆయిల్ కూడా వెనకే ఎక్కుతుంది. ముందు నీళ్ళ సంగతి చక్కబెడితే ఆయిల్ దానంతట అదే దిగుతుంది. నీళ్ళను వదిలేసి ఆయిల్‌కు విడిగా రేడియేటర్ పెడితే జబ్బు ఒకచోట, మందు ఇంకోచోట అవుతుంది.

ఘాట్ అంటే ఇంజన్‌కు పెద్ద పరీక్ష అని అందరికీ ఒక భయం ఉంది. ఒకసారి లెక్క వేద్దాం. తిరుపతి నుంచి తిరుమలకు ఎక్కే ఎత్తు సుమారు 700 మీటర్లు. మనుషులు, సామానుతో నీ కారు 1500 కిలోలు అనుకో. ఆ బరువును అంత ఎత్తుకు మోయడానికి కోటి జౌళ్ళకు కాస్త పైన శక్తి కావాలి. పైకి 28 నిమిషాల్లోపు చేరకూడదని దేవస్థానం నిబంధన ఉంది కదా, ఆ సమయంతో భాగిస్తే ఎత్తు ఎక్కడానికి సగటున పట్టేది ఆరు కిలోవాట్లు, అంటే ఎనిమిది హార్స్‌పవర్. టైర్ల రాపిడి, గాలి అడ్డు కలిపినా పన్నెండు దాటదు. అదే కారు నున్నటి హైవే మీద వంద వేగంతో పోతుంటే గాలిని చీల్చడానికే ఎక్కువ ఖర్చయి మొత్తం పద్దెనిమిది దాకా పడుతుంది. అవును, చదును రోడ్డు మీద వంద వేగమే సగటున ఇంజన్‌కు ఎక్కువ పని. మలుపుల దగ్గర, నిటారు చోట్ల కాసేపు ఘాట్‌లో ఎక్కువ లాగుతుంది, అది నిజం. కానీ సగటు ఇంతే.

మరి హైవే మీద 92 చూపించే కారు ఘాట్‌లో 105 ఎందుకు చూపిస్తుంది? గాలి. హైవే మీద గంటకు వంద కిలోమీటర్ల గాలి రేడియేటర్‌ను కొడుతుంది. ఘాట్‌లో నలభై, మలుపులో పదిహేను. ముందు బస్సు ఉంటే దాని వెనక వేడిగాలే నీ కారు మింగుతుంది. పైగా ఏసీ కండెన్సర్ రేడియేటర్‌కు ముందే కూర్చుని తన వేడిని దాని మీదికి ఊదుతుంటుంది. రోహిణి కార్తెలో బయట 42 డిగ్రీలుంటే రేడియేటర్‌కు చేరే గాలి యాభై దాటే ఉంటుంది. అప్పుడు భారమంతా ఫ్యాన్ మీద పడుతుంది. అంటే ఘాట్‌లో వేడెక్కే కారులో ఇంజన్ శక్తి గురించి కాదు, గాలి పోయే దారి గురించి చూడాలి.

ఇప్పుడు ఆ కిట్టు సంగతి ఆలోచించు. దాన్ని ఎక్కడ బిగిస్తారు? బంపర్ వెనక, కండెన్సర్ ముందర. ఫ్యాన్ లాగే పరిధిలో పెడితే ఇప్పటికే చాలని గాలిలో అది వాటా అడుగుతుంది, దాని వేడి కూడా వెనకనున్న రేడియేటర్ మీదికే పోతుంది. పక్కన చక్రం దగ్గర పెడితే దానికి ఫ్యాన్ గాలే తగలదు, నలభై వేగంలో దాదాపు ఊరికే వేలాడుతుంటుంది. గాలి బాగా తగిలే హైవే మీద బ్రహ్మాండంగా పనిచేస్తుంది, ఆడ నీకు దాని అవసరమే లేదు. నువ్వు ఏ రోడ్డు కోసం కొంటున్నావో ఆ రోడ్డు మీదే అది తక్కువ పనిచేసే వస్తువు.

ఆయిల్ నీళ్ళలా జారుతోందన్న మాట. ప్రతి ఎండాకాలం పదిమందైనా ఈ భయంతో వస్తారు. వేడి ఆయిల్ జారాలి, అది దాని స్వభావం. 40 గ్రేడు (డబ్బా మీద W తర్వాత ఉండే అంకె) ఆయిల్ చిక్కదనం 40 డిగ్రీల దగ్గర 84 సెంటిస్టోకుల దాకా ఉంటే, వంద డిగ్రీలకు 14 చిల్లరకు పడిపోతుంది. 120కి చేరితే తొమ్మిదిన్నరకు దిగుతుంది. భయపడే ముందు ఇంకో అంకె చూడు. వంద డిగ్రీల దగ్గర 30 గ్రేడు అనిపించుకోవడానికి ఆయిల్‌కు కావాల్సింది 9.3. అంటే 120 డిగ్రీల దగ్గర కూడా నీ 40 గ్రేడు ఆయిల్, వంద దగ్గర ఉన్న 30 గ్రేడు అంత చిక్కగానే ఉంది. వేలి మధ్య రుద్ది ఆయిల్ బాగుందో లేదో చెప్పడం ఎవరి తరమూ కాదు, నా తరమూ కాదు. వేలికి తెలిసేది ఒకటే, డీజిల్ వాసన. గేజి పుల్ల, అదే డిప్‌స్టిక్, మీద మట్టం తగ్గాల్సింది పోయి పెరుగుతుంటే, ముక్కు దగ్గర పెట్టుకుంటే డీజిల్ వాసన కొడుతుంటే, ఇంజెక్టర్ కారి ఆయిల్‌లో కలుస్తోందని అర్థం. అలా పల్చబడిన ఆయిల్‌ను ఏ కూలరూ బాగుచేయదు. ఇది మాత్రం ఈ వారమే చూసుకో.

ఎంత వేడి అంటే ఎక్కువ వేడి? మంచి సింథటిక్ ఆయిల్‌కు 90 నుంచి 110 దాకా ఇంట్లో ఉన్నట్టు. 120 దాకా అప్పుడప్పుడూ పోయినా దిగులు లేదు. 130 పైన నిలబడి ఉంటే మాత్రం ఆలోచించాలి, ఎందుకంటే ప్రతి పది డిగ్రీలకూ ఆయిల్ గాలితో కలిసి పాడయ్యే వేగం స్థూలంగా రెట్టింపవుతుంది. దీనికి అవతలి కొస కూడా ఉంది, అది ఎవరూ మాట్లాడరు. ఆయిల్ 80 దాటకుండా తిరిగితే ఇంజన్‌లో చేరే తేమ, డీజిల్ ఆవిరి బయటికి పోవు. ఆ తేమ మసితో, పొగలోని ఆమ్లాలతో కలిసి చాంబర్‌లో, అంటే ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టిలో, నల్లటి జిగురవుతుంది. డిసెంబరులో తెల్లవారుజామున పలమనేరు, మదనపల్లె దారిలో పోయేవాళ్ళకు, ఊళ్ళో రెండు కిలోమీటర్లకు ఒకసారి ఆపి ఆపి తిరిగేవాళ్ళకు ఈ బాధే అసలు బాధ. ఇంకొకటి, తిరుమల నుంచి దిగేటప్పుడు నలభై నిమిషాలు ఇంజన్‌కు పనే ఉండదు. యాక్సిలరేటర్ మీద కాలు లేకపోతే డీజిలే పడదు. ఎప్పుడూ దారి తెరిచే ఉండే కూలర్ వేస్తే ఆ నలభై నిమిషాల్లో ఆయిల్ అవసరానికి మించి చల్లారుతుంది.

కొలవడం ఎట్లా? నువ్వు ఇప్పటికే ఫోన్‌కు కలిపే ఓబీడీ పరికరం వాడుతున్నావు, మంచిది. అందులో ఇంజన్ ఆయిల్ టెంపరేచర్ అని ఉందేమో చూడు. చాలా పాత కార్లలో ఆ సెన్సరే ఉండదు. కొన్నిటిలో అంకె కనిపిస్తుంది గానీ అది కంప్యూటర్ కట్టిన అంచనా, కొలత కాదు. నేను చేసేది ఇది. సన్న తీగలాంటి థర్మోకపుల్ ప్రోబు ఉన్న డిజిటల్ థర్మామీటర్ ఎలక్ట్రికల్ షాపుల్లో దొరుకుతుంది. పైన పార్కింగ్‌లో బండి ఆపి, ఇంజన్ ఆపేసి, గేజి పుల్ల తీసి ఆ గొట్టంలోంచి తీగను చాంబర్ దాకా దించు. ఇంజన్ నడుస్తుండగా మాత్రం దించవద్దు, లోపల తిరిగే క్రాంకు ఇరుసు లాగేసుకుంటుంది. గేజి పుల్ల పొడవు ముందే కొలిచి తీగ మీద గుర్తు పెట్టుకో. ఒక్క నిమిషంలో నిజమైన అంకె వస్తుంది. దారి మధ్యలో ఎక్కడా ఆపకు, ఘాట్‌లో ఆపడం ప్రమాదం.

లేజర్ గన్‌తో కింద నుంచి చాంబర్‌ను చూసి చెప్పేవాళ్ళున్నారు. మెరిసే అల్యూమినియం మీద ఆ గన్ తక్కువ చూపించి మోసం చేస్తుంది. చాంబర్ మీద నల్లరంగు బొట్టు పెట్టి దాని మీద కొడితే కాస్త నమ్మొచ్చు, అయినా లోపలి ఆయిల్ కంటే నాలుగైదు డిగ్రీల నుంచి పదిహేను దాకా తక్కువే చూపిస్తుంది.

మూడు సార్లు కొలువు. మధ్యాహ్నం రెండు గంటలకు నిండు బండితో ఏసీ వేసుకుని తిరుమల ఎక్కాక ఒకసారి. బెంగళూరు దారిలో మొగిలి ఘాట్ ఎక్కి పలమనేరు చేరాక ఒకసారి, చిత్తూరుకూ పలమనేరుకూ మధ్య మూడు వందల మీటర్లకు పైగా ఎత్తు ఉంది కాబట్టి అది కూడా ఘాటే, వేగం మాత్రం ఎక్కువ. ఆ పైన ముల్‌బాగల్, కోలారు వైపు హైవే మీద గంటసేపు ఆపకుండా పోయాక ఇంకోసారి. నా అనుభవంలో రేడియేటర్, ఫ్యాన్ సరిగ్గా ఉన్న ఇలాంటి డీజిల్ బండి వీటిలో ఎక్కడా 115 దాటదు. నీది 125 పైన పలికితే అప్పుడు మళ్ళీ మాట్లాడుకుందాం.

ఇక అసలు రోగం. 105 దాకా పోతున్న కూలెంట్. ఈ మాట మీద కొంచెం ఎక్కువసేపు ఉంటాను, నీ డబ్బు పోవాల్సింది ఇక్కడే.

మన జిల్లాలో రేడియేటర్లను చంపేది బోరు నీళ్ళు. దారిలో కూలెంట్ తగ్గిందని ఎవరో టీకొట్టు దగ్గర బిందెలో నీళ్ళు పోస్తారు, తర్వాత దాన్ని మరిచిపోతారు. బోరు నీళ్ళు కాచిన గిన్నె అడుగున తెల్లగా గట్టిపడే పొర ఇంట్లో చూసుంటావు. సరిగ్గా అదే పొర రేడియేటర్ సన్న గొట్టాల్లో, నీ ఆయిల్ కూలర్ దిమ్మ సందుల్లో, సిలిండర్ల చుట్టూ పడుతుంది. సున్నం పొర వేడిని పోనివ్వదు. పోయిన ఏడాది ఒక ట్యాక్సీ డ్రైవరు ఇదే కంప్లైంటుతో వచ్చాడు, ఆయిల్ కూలర్ వేయమని డబ్బు చేతిలో పట్టుకునే వచ్చాడు. రేడియేటర్ దించి చూస్తే కింద వరస గొట్టాలు చాలావరకు పూడిపోయాయి. కొత్త రేడియేటర్, కొత్త కూలెంట్ వేశాం. మరుసటి వారం ఘాట్ ఎక్కొచ్చి 94 దాటలేదన్నాడు. నీ కూలెంట్ ట్యాంకులోకి టార్చి వేసి చూడు. నీరు స్వచ్ఛంగా రంగుతో ఉండాలి. తుప్పు రంగు ఉంటే, తెల్లటి పొడి పట్టి ఉంటే అదే జవాబు. గోధుమరంగు జిడ్డు తేలుతుంటే మాత్రం వెంటనే షెడ్డుకు తీసుకుపో. ఇంజన్ నడిచేటప్పుడు ఆయిల్ ఒత్తిడి నీళ్ళ ఒత్తిడి కంటే ఎక్కువ కాబట్టి, ఆ దిమ్మ గ్యాస్కెట్ పాతబడి కారితే ఆయిలే నీళ్ళలోకి వస్తుంది. లక్షా నలభై వేలు తిరిగిన బండిలో రబ్బరు గట్టిపడటం మామూలే.

కూలెంట్ మారుస్తున్నప్పుడు పాతదంతా దించి, డిస్టిల్డ్ నీళ్ళతో రెండుసార్లు కడిగించి, సగం కూలెంట్ సగం డిస్టిల్డ్ నీళ్ళు పోయించు. బ్యాటరీ షాపులో దొరికే నీళ్ళు చాలు. కలిపి అమ్మే రకమైతే అలాగే పోయాలి. చిక్కగా ఉంటే మంచిదని కూలెంట్ మాత్రమే పోసేవాళ్ళున్నారు, అది తప్పు. నీళ్ళంత బాగా వేడిని మోసే ద్రవం అందులో ఇంకొకటి లేదు. నీళ్ళు తగ్గేకొద్దీ చల్లబరిచే శక్తీ తగ్గుతుంది.

తర్వాత ట్యాంకు మూత. వంద, రెండొందల ఖర్చని దీన్ని ఎవరూ పట్టించుకోరు. మూత ఒత్తిడిని పట్టి ఉంచితేనే నీళ్ళు వందకు మరగకుండా ఆగుతాయి. 1.1 బార్ పట్టే మూత ఉంటే వట్టి నీళ్ళు కూడా 120 దాకా మరగవు. స్ప్రింగు వదులైతే ఆ రక్షణ అంతా పోయినట్టే. తిరుమల ఎత్తులో మూత లేని నీళ్ళు 97కే మరుగుతాయి. మీ బండికి తగిన అంకె ఉన్న కొత్త మూత వేయించు, వేడిగా ఉన్నప్పుడు మాత్రం పొరపాటున కూడా తిప్పకు. నా షెడ్డులో ఒక కుర్రాడి చెయ్యి మోచేతి దాకా కాలింది, నేను పక్కనే ఉండి ఆపలేకపోయాను. ఇప్పటికీ ఆ మాట తలుచుకుంటే మనసు బాగుండదు.

ఫ్యాన్. తిరుగుతోంది కదా అని వదిలేస్తారు, ఎంత వేగంగా తిరుగుతోందో చూడరు. ఈ ఫ్యాన్‌లకు సాధారణంగా రెండు వేగాలుంటాయి. రెసిస్టర్ కాలిపోతే తక్కువ వేగం పోతుంది, మోటారు బ్రష్షులు అరిగితే రెండూ మందగిస్తాయి. బండి ఆపి, ఇంజన్ నడుస్తూ ఏసీ వేసి, ముందు గ్రిల్ దగ్గర ఒక కాగితం పట్టుకో. అది చప్పున అంటుకుని నిలబడాలి. జారి పడిపోతే ఫ్యాన్ బలం లేదన్నమాట. కండెన్సర్‌కూ రేడియేటర్‌కూ మధ్య సందు కూడా విప్పించి చూడు. గ్రానైటు లారీల వెనక తిరిగే మన రోడ్ల మీద ఆ సందులో దుమ్ము, పురుగులు చాపలా పరుచుకుని ఉంటాయి. ముందు నుంచి చూస్తే కండెన్సర్ శుభ్రంగానే కనిపిస్తుంది, అదే మోసం. ఇంజన్ వైపు నుంచి బయటికి, మెల్లని నీటిధారతో కడగాలి. వాటర్ వాష్ గన్ దగ్గరగా పెడితే రెక్కలు వంగిపోయి గాలి శాశ్వతంగా ఆగిపోతుంది. బంపర్‌లో అదనపు ఫాగ్ ల్యాంపులు, ముందు జాలీ, పెద్ద గార్డు వేయించి ఉంటే అవి కూడా గాలికి అడ్డే.

థర్మోస్టాట్, అంటే నీళ్ళు వేడెక్కాకే రేడియేటర్‌కు దారి తెరిచే కవాటం, సగం తెరిచి ఇరుక్కుని ఉన్నా ఇదే లక్షణం. లక్ష దాటింది కాబట్టి కూలెంట్ మార్చేటప్పుడే మార్చించు. దాన్ని పీకేసి నడపమనేవాళ్ళ మాట వినకు. ఇవన్నీ చేశాక కూడా 105 వస్తే, పొద్దున్నే చల్లని ఇంజన్ స్టార్ట్ చేయగానే రేడియేటర్ పై గొట్టం గట్టిపడుతుంటే, ట్యాంకులో బుడగలు వస్తుంటే హెడ్ గ్యాస్కెట్ (సిలిండర్ల పైమూత కింది పొర) పోయిందని అనుమానించాలి.

నడపడంలో ఒక్క మాట. డీజిల్ కదా లాగుతుంది అని మూడో గేరులో 1300 దగ్గర కాలు అదిమి ఎక్కుతుంటారు. నీళ్ళ పంపు ఇంజన్ బెల్టుతోనే తిరుగుతుంది, ఇంజన్ నీరసంగా తిరిగితే పంపూ నీరసమే. రెండో గేరుకు దించి 2000, 2200 మధ్య ఉంచితే నీళ్ళు, ఆయిల్ రెండూ బాగా పారతాయి. ముందు బస్సుకు నాలుగు బండ్ల దూరం వదులు. ఈ రెండిటితోనే నాలుగైదు డిగ్రీలు దిగడం నేను చాలాసార్లు చూశాను, రూపాయి ఖర్చు లేదు.

మరి ఆయిల్ కూలర్ ఎవరికి కావాలి? చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టై రేసు ట్రాకుకు కారు తీసుకుపోయేవాళ్ళకు కావాలి. ఆడ ఇరవై నిమిషాలు కాలు ఎత్తకుండా 6000 మీద తిప్పుతారు, ఆయిల్ 130, 140కి పోతుంది. వేగం ఉంటుంది కాబట్టి కూలర్‌కు గాలీ దొరుకుతుంది. టర్బో పెట్రోల్ బండికి రీమ్యాప్ చేయించి, అంటే ఇంజన్ కంప్యూటర్ ప్రోగ్రాం మార్పించి, పవర్ పెంచుకుని ఆ పవర్‌ను నిజంగా వాడేవాళ్ళకు కావాలి, అదీ కొలిచాక. నీకు తెలిసినవాళ్ళెవరైనా ట్రాకు కోసమే వేయించి ఉంటే వాళ్ళు చేసింది సరైనదే, నీకు సరిపోదు అంతే.

బైకుల్లో ఉంది కదా, కారులో ఎందుకు వద్దు అని అడిగే కుర్రాళ్ళు కూడా ఉన్నారు. పల్సర్ 220 లాంటి బండికి నీళ్ళే లేవప్పా. హెడ్ వేడిని మోసుకుపోయేది గాలి, ఆయిల్ మాత్రమే. అందుకే ఆయిల్‌కు రేడియేటర్ పెట్టారు. నీ కారులో ఆ పని నీళ్ళు చేస్తున్నాయి.

ఎప్పుడైనా వేయించాల్సి వస్తే అన్న మాట కూడా చెప్పాలి. మామూలుగా డబ్బాలా తిప్పి బిగించే ఫిల్టర్ ఉన్న బండ్లలో ఫిల్టర్‌కూ ఇంజన్‌కూ మధ్య సాండ్‌విచ్ ప్లేటు పెట్టి ఆయిల్‌ను బయటికి తీస్తారు. నీ ఇంజన్‌లో హౌసింగ్ లోపల కాగితం ఎలిమెంట్ ఉండే రకం. ఆ ప్లేటు దానికి కూర్చోదు. షాపువాళ్ళు ఎట్లా బిగిస్తారో ముందు అడుగు. లేతు మీద ఏదో అడాప్టర్ చేయిస్తామంటే లేచి వచ్చెయ్. ఇతర బండ్లలో అయినా థర్మోస్టాట్ ఉన్న ప్లేటే కావాలి, 80 దాటాకే కూలర్‌కు దారి తెరిచేది. పది, పదమూడు వరసల కూలర్ రోడ్డు బండికి చాలు. బిగించాక అదనంగా ఆయిల్ పడుతుంది, ఇంజన్ తిప్పి ఆపి మళ్ళీ మట్టం చూసి పోయాలి.

అన్నిటికంటే గొట్టాలు ముఖ్యం. మన దగ్గర జేసీబీ గొట్టాలు చేసే షాపులో హైడ్రాలిక్ గొట్టం కొట్టించి వాడతారు. ఒత్తిడికి అది తట్టుకుంటుంది, వేడికి కాదు. ఆ మామూలు రకానికి హద్దు వంద డిగ్రీలే. అంతకు పైన నెలల తరబడి నడిస్తే లోపలి రబ్బరు గట్టిపడి పగులుతుంది. ఎనిమిదేళ్ళ కిందట భాకరాపేట ఘాట్ దగ్గర నుంచి ఒక బండిని కట్టి లాక్కొచ్చారు. వేరేచోట వేయించిన కూలర్, గొట్టం బంపర్ బ్రాకెట్‌కు రాసుకుని రాసుకుని గుండుసూది అంత బెజ్జం పడింది. ఆయిల్ లైటు వెలిగింది. ఊరు కనిపిస్తోంది కదా, అందాక పోదామని ఆయన ఇంకో రెండు కిలోమీటర్లు నడిపాడు. నేను చాంబర్ విప్పేసరికి బేరింగు రేకులు ముక్కలై ఉన్నాయి, క్రాంకు గీతలు పడింది. ఆయన ఆ బండి మీదే బతికే మనిషి, రెండు నెలలు పని లేకుండా కూర్చున్నాడు. కంపెనీ ఇచ్చిన ఇంజన్‌లో ఆయిల్ బయటికి పోవడానికి దారులు తక్కువ. కూలర్ వేసిన ప్రతిసారీ రెండు గొట్టాలు, నాలుగు జాయింట్లు కలుపుతున్నాం. ఆ నాలుగూ ఏళ్ళ తరబడి కారకుండా ఉండాలి. ఆయిల్ వేడి తగ్గించుకోవడానికి ఈ అపాయం తెచ్చుకోవాలంటే, ఆ వేడి నిజంగా ఉందని చేతిలో అంకె ఉండాలి. నేను ఇంత గట్టిగా చెప్పేది ఆ మనిషి ముఖం గుర్తుండే.

22 వేలు ఖర్చు పెట్టాలనే ఉంటే మంచి ఆయిల్ మీద పెట్టు. మాన్యువల్ ఒప్పుకునే గ్రేడులో, ఏసీఈఏ (యూరప్ ఆయిల్ ప్రమాణం) ఏ3/బీ4 అని డబ్బా మీద రాసి ఉన్న సింథటిక్ తీసుకో. ఆ ముద్ర ఉండాలంటే 150 డిగ్రీల దగ్గర, బేరింగులో నలిగేటప్పుడు ఉండాల్సిన చిక్కదనం 3.5కు తగ్గకూడదు (ఇది వేరే కొలమానం, పై అంకెలతో పోల్చకు). నీ భయానికి నేరుగా సమాధానం చెప్పే అంకె అదే. బీఎస్-6 డీజిల్ వాళ్ళు మాత్రం ఇది చూసి ఏ3/బీ4 పోయకండి, మీ పొగ గొట్టంలోని ఫిల్టర్‌కు బూడిద తక్కువ ఇచ్చే సీ రకం కావాలి. నీ ఇంజన్‌లో మూడు లీటర్ల పైచిలుకే ఆయిల్ పడుతుంది, అర లీటరు తగ్గినా మిగతాది అంత ఎక్కువగా తిరిగి వేడెక్కుతుంది. టైమింగ్ చైను బిగువు కూడా ఆయిల్ ఒత్తిడి మీదే ఆధారపడి ఉంది. కాబట్టి పదిహేను రోజులకోసారి మట్టం చూడు. ఘాట్లు, ఎండ, దుమ్ము కలిసిన నీ వాడకానికి పుస్తకంలో రాసిన గడువు కంటే ముందే మార్చు, నేనైతే ఏడు, ఎనిమిది వేలకు మార్పిస్తాను.

ఆటోమేటిక్ గేరుబాక్సు వాళ్ళకు ఒక మాట, నీకు సంబంధం లేకపోయినా. టార్క్ కన్వర్టర్ బండి ఘాట్‌లో నెమ్మదిగా ఎక్కుతుంటే కన్వర్టర్ లాక్ కాకుండా జారుతూ ఆ జారుడంతా వేడిగా మారుతుంది. అలాంటి బండిలో ఇంజన్ ఆయిల్ కంటే గేరుబాక్సు ఆయిల్ గురించి ఆలోచించడం న్యాయం. ‘డీ’ (డ్రైవ్)లో వదిలెయ్యకుండా మాన్యువల్‌లో రెండో గేరు పట్టుకోండి.

చివరగా నీ రెండో ప్రశ్న. టర్బో బేరింగుకు చల్లదనం ఇచ్చేది పారే ఆయిలే. ఇంజన్ ఆపగానే ఆయిల్ ఆగుతుంది, టర్బో మాత్రం ఎర్రటి వేడితోనే ఉంటుంది, అందులో నిలిచిన ఆయిల్ మాడి బొగ్గు పడుతుంది. అందుకే నిమిషం ఐడిల్‌లో ఉంచమంటారు. అయితే తిరుమలలో నువ్వు ఘాట్ దాటాక టోల్‌గేటు, కాటేజీల రోడ్డు, పార్కింగ్ వెతుకులాట అన్నీ కలిపి ఐదారు నిమిషాలు మెల్లగానే పోతావు కదా. ఆ మెల్లని ప్రయాణంలోనే టర్బో చల్లారిపోతుంది. పార్కింగ్ దొరకగానే ఆపెయ్, థర్మామీటర్ తీగ దించు.